పసిబిడ్డలకు లెక్కలయందు ధైర్యము



ఐదేండ్లు మొదలు తొమ్మిదేండ్ల వఱకు గల పసిబిడ్డలు లెక్కలన్న వెఱవక నేర్చుకొనుటకు ఇంటి పెద్దలు ఏమి చేయవచ్చునో నేడు మనవి చేయదలచినాను. ఇది బడిపంతులు చూచుకొనవలసిన పని గదా, మాతో చెప్పనేల యని మీరడుగవచ్చును. బడిలో నొక పంతులు ఎందఱో బిడ్డలను చూడవలెను. ఇంట నొక తాత చూడవలసిన మనుమలు ఇద్దఱో ముగ్గురో. అదియుగాక, బిడ్డ అంకె వ్రాయుటకు ముందే ఇంట లెక్కించుట నేర్చును. భయపడుటయు తఱచుగా ఇంటనే నేర్చును. కావున ఈ మాట మొదట మీతోనే చెప్పవలసియున్నది.

"అయ్యవారూ, మావానికి చదువు బాగుగనే వచ్చును గాని లెక్కలు మాత్రము రావు" అను మాట నేను ఉద్యోగము చేసిన కాలమంతయు వినుచుంటిని. ప్రక్కన నిలిచియున్న బిడ్డ వినుచుండగనే పెద్దలీ మాట పలుకుదురు. పలికినవారికి అది ఊరక వచ్చిన మాట. వినిన బిడ్డకది తీర్పు. తనకు లెక్కలు రావని పెద్దలే నిశ్చయించినపుడు ఇక ప్రయత్నించుట యెందులకని వాడు లోలోపల తలచును. ఏడేండ్ల యీడున మనస్సులో పడిన ఆ తలపు ఇరువదేండ్ల యీడునకు గూడ వదలకుండుట నేను చూచితిని.

మన శింగనమల సీమ వానకు మొగము వాచిన సీమ. అనంతపురము జిల్లాలో సాలీన కురియు వాన సగటున 55 సెంటీమీటర్లు. అదియు అన్ని యేండ్లు సరిగా రాదు. చెఱువు నిండిన యేడు వరి, నిండని యేడు వేరుసెనగ, అదియు నెండిన యేడు బెంగుళూరు దారి. ఇట్టి చోట బ్రతుకువానికి లెక్క తెలియకపోయిన నష్టము వానలేమికి తోడగును. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ యనగా వినుటకు స్వల్పముగా నుండును. పదివేలు అప్పు తెచ్చినవాడు నెలకు 200, ఏడాదికి 2,400 వడ్డీయే కట్టవలెను. నలువది కిలోల బస్తాకు కిలో తరుగు తీసినచో, నలువది బస్తాలు తూచినవాడు ఒక నిండు బస్తా పోగొట్టుకొనును. ఈ లెక్కలు పెద్ద చదువులవి కావు, నాలుగవ తరగతి లెక్కలే. కాని లెక్కయన్నంతనే బెదరువాడు కాగితము ఎదుటివాని చేతికిచ్చి "మీరే చూడుడు" అనును. చిన్ననాటి వెఱపునకు పెద్దనాడు చెల్లించు వెల యిది.

ఈ వెఱపు తెలివితక్కువ వలన వచ్చునది కాదు. లెక్క చేయునపుడు కొన్ని అంకెలను కొంచెము సేపు మనస్సులో నిలుపుకొనవలెను. అట్లు నిలుపుకొను చోటు పెద్దలకే యిఱుకైనది, పసివారికి మఱియు నిఱుకు. తప్పు వచ్చిన దెబ్బ పడునేమో, నవ్వుదురేమో యను భయము వచ్చి ఆ చోటున కూర్చున్నచో లెక్కకు చోటు మిగులదు. అపుడు తెలిసిన లెక్కయు తప్పిపోవును. తప్పినందుకు దెబ్బ, దెబ్బ వలన మఱింత భయము, భయము వలన లెక్కల జోలికి పోకుండుట, పోకుండుట వలన అభ్యాసము తగ్గుట, ఇట్లు గానుగెద్దువలె బిడ్డ ఒకచోటనే తిరుగును. ఈ సంగతి నేటి మనశ్శాస్త్రజ్ఞులు పలుమాఱులు పరిశీలించి తేల్చినదే. ఇంకొక వింత గలదు. లెక్కలన్న తామే భయపడు తలిదండ్రులు బిడ్డల దగ్గఱ కూర్చుండి పదేపదే ఇంటిపని చేయించినచో, బిడ్డలకు చదువు తక్కువగాను భయమెక్కువగాను అబ్బినదని అమెరికా దేశమున చేసిన పరిశీలన యొకటి 2015లో వెలువడినది. భయము అంటువ్యాధి వంటిదన్నమాట.

మన ప్రాంతమున పూర్వమీ చదువు ఎట్లు జరిగెడిదో తెలుపు పత్రమొకటి నిలిచియున్నది. 1822లో చెన్నపట్టణపు గవర్నరు సర్ థామస్ మన్రో దొర దేశీయ పాఠశాలల స్థితిని విచారింపుడని కలెక్టరులకు ఉత్తరువు చేసెను. అప్పటి బళ్ళారి జిల్లా కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ దొర. తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున రచించి 1816లో ప్రకటించినవాడితడే. ఇతడు 1823 ఆగష్టులో తన నివేదికను పంపెను. మన అనంతపురము 1882లో ప్రత్యేక జిల్లా యగు వఱకు బళ్ళారిలోనిదే గావున అది మన తాతముత్తాతల బడుల కథయే. తొమ్మిది లక్షలకు మించిన జనులున్న ఆ జిల్లాలో 533 బడులును, వానిలో 6,641 మంది విద్యార్థులును ఉండిరి.

అందు వ్రాసిన విశేషములను వినుడు. పిల్లవాడు మొదట ఇసుకలో వ్రేలితో వ్రాసి అక్షరములు నేర్చెడివాడు. ఒకటి మొదలు నూఱు వఱకు లెక్కించుట, కూడికలు, డబ్బు లెక్కలు, ఎక్కములు క్రమముగా వచ్చెడివి. పాలు అనగా భిన్నములను పదింటి చొప్పున గాక నాలుగింటి చొప్పున విభజించి మిక్కిలి శ్రద్ధతో నేర్పెడివారు. దినమునకు రెండుమాఱులు బిడ్డలందఱును వరుసలుగా నిలిచి, పెద్ద విద్యార్థి యొకడు చెప్పగా, ఎక్కములను కొలతలను వల్లించెడివారు. ముందున్నవాడు వెనుకనున్న వానికి నేర్పు ఈ పద్ధతిని క్యాంబెల్ దొర మెచ్చుకొని, ఇంగ్లండు దీనిని అనుకరించినది తగియే యున్నదని వ్రాసెను. అంతకు ముందే ఆండ్రూ బెల్ అను నాతడు చెన్నపట్టణమున అనాథ బాలుర పాఠశాల నడపుచు ఇట్టి పద్ధతిని అమలుపఱచి, 1797లో దానిని గూర్చి ఆంగ్లమున పుస్తకము ప్రకటించియుండెను.

అదే నివేదికలో మఱియొక ఆచారమును గలదు. ఉదయము ఆఱు గంటలకు బడి తెఱచునపుడు మొదట వచ్చిన బాలుని అఱచేత సరస్వతి యని వ్రాయుదురు. రెండవవాని చేత సున్న చుట్టుదురు. వాడు మెప్పునకు గాని నిందకు గాని పాత్రుడు కాడని దాని యర్థము. మూడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాలుగవవానికి రెండు, తరువాత వచ్చిన ప్రతివానికి ఒక్కొక్కటి హెచ్చు. సోమరులను చేతులు కట్టి దూలమునకు వ్రేలాడదీయుటయు, గుంజీళ్ళు తీయించుటయు గలదు. కోదండమను పేరు మీలో పెద్దవారు వినియేయుందురు.

ఈ రెండు సంగతులను కలిపి చూడుడు. ఇసుకలో వ్రేలితో వ్రాయుట, నోటితో వల్లించుట, ఒకరికొకరు నేర్పుకొనుట, ఇంటి కొలతలతో పాలు చెప్పుట, ఇవన్నియు బిడ్డకు ధైర్యమిచ్చునవి. బెత్తము ఆ ధైర్యమును తీసివేయునది. మన పెద్దలు బాగుగ నేర్చుకొనినది దెబ్బల వలననేయని చెప్పుకొనుట కలదు. దెబ్బలు తిని నేర్చినవారు మనకు కనబడుచున్నారు. దెబ్బలు తిని బడి మానినవారిని ఎవరును లెక్కపెట్టలేదు. పూర్వపు పద్ధతులలో మంచివానిని ఉంచుకొని, చెడ్డదానిని వదలినచో ఇంటిలోనే మంచి బడి యేర్పడును.

ఇక చేయవలసిన పనులు. మొదటిది, వస్తువు చేతిలోనికి వచ్చిన తరువాతనే అంకె పలకమీదికి రావలెను. మనుమడు "ఒకటి, రెండు, మూడు" అని ఇరువది వఱకు గడగడ చెప్పినంతనే లెక్క వచ్చినదని సంతసింపకుడు. అది పాటవలె వచ్చిన మాటల వరుస కావచ్చును. దోసెడు చింతగింజలు ముందు పోసి లెక్కింపుమనుడు. ఒక్కొక్క గింజకు ఒక్కొక్క మాట చెప్పుచున్నాడా, లేక చేయి ముందు మాట వెనుకగా పోవుచున్నాడా చూడుడు. చివర "ఎన్ని గింజలురా?" యనిన, కడపటి మాటయే మొత్తమని చెప్పగలుగవలెను. మరల మొదటినుండి లెక్కించినచో వానికా సంగతి యింకను తెలియలేదన్నమాట. తెలిసిన పిదప ఆ గింజలనే దూరదూరముగా పఱచి, "ఇప్పుడెన్ని?" యని యడుగుడు. చిన్నవాడు ఎక్కువైనవనును. కోపింపకుడు, మీరు చెప్పివేయకుడు. "లెక్కించి చూడు నాయనా" యనుడు. పలుమాఱులు లెక్కించి అన్నియే యున్నవని తానే కనుగొనిన బిడ్డ ముఖమున వచ్చు వెలుగును చూచినచో ధైర్యమనగా నేమో మీకే తెలియును.

రెండవది పది కట్ట. పొరక పుల్లలను సమముగా విఱిచి పదేసి కట్టలు కట్టింపుడు. మూడు కట్టలు, నాలుగు విడిపుల్లలు, ముప్పది నాలుగు. ఇక్కడ మన తెలుగు భాష బిడ్డకు చేయు సాయమెంతో కలదు. ముప్పది యనగా మూడు పదులు, నలువది యనగా నాలుగు పదులు, ఎనుబది యనగా ఎనిమిది పదులు. మాటలోనే పది దాగియున్నది. ఇరువది దాటిన పిదప ఇరువది యొకటి, ఇరువది రెండు అని సూటిగా నడచును. హిందీలో నూఱు వఱకు పేర్లు పెక్కు రూపములు మాఱి వేర్వేఱుగా కంఠస్థము చేయవలసి వచ్చును. ఆంగ్లమున పదునొకటికిని పండ్రెండునకును ఉన్న పేర్లలో పది వినబడదు. నేడు పిల్లలు మొదటినుండి ఆంగ్లపు సంఖ్యలే వల్లించుచున్నారు. వల్లింపనిండు, తప్పులేదు. కాని ఇంట కట్టలు ముందుంచుకొని ముప్పది, నలువది యని తెలుగున గూడ చెప్పించినచో, ఆ సంఖ్య లోపలి కట్టడము వానికి చెవిలోనే తెలియును. సున్న యెందులకో గూడ అపుడే బోధపడును. మూడు కట్టలుండి విడిపుల్ల లేనపుడు, లేదని చూపుటకు సున్న.

మూడవది ఆటలు. వామనగుంటల పీటలో ఏడేసి గుంటలు రెండు వరుసలుగా పదునాలుగుండును. ఒక్కొక్క గుంటలో ఐదేసి గింజలు పెట్టి ఆడినచో మొత్తము 70. గింజలు తీసి ఒక్కొక్క గుంటలో నొక్కటిగా వేయుచు పోవునపుడు, ఈ గుంటలో ఎత్తినచో ఏ గుంటలో ఆగునో ముందే ఊహించు బిడ్డ కూడిక చేయుచున్నాడు. పులిజూదమున మూడు పులులు, పదునైదు మేకలు. ఎన్ని మేకలు చచ్చినవి, ఎన్ని మిగిలినవి యని అడుగుచుండుడు. అది తీసివేత. అచ్చనగండ్లలో ఎగురవేసిన రాయి క్రింద పడకముందే నేలమీది రాళ్ళను రెండేసి, మూడేసి యెత్తవలెను. అవ్వలు ఈ యాటలందు మహా పండితురాండ్రు. ఆటలో తప్పిన బిడ్డ ఏడ్చి పాఱిపోడు, మరల ఆడుదమనును. పలకమీద తప్పినపుడు గూడ ఆ మనస్సు నిలుచునట్లు చేయుటయే మన పని.

నాలుగవది పాలు. పిల్లలు పై తరగతులలో భిన్నములన్న జడిసికొందురు. మన యింట భిన్నములు లేని పూట లేదు. జొన్నరొట్టెను రెండుగా త్రుంచిన అర, అరను మరల త్రుంచిన పావు, మూడు పావులు కలిసి ముప్పావు. పావులో పావు వీసము, అనగా పదాఱవ పాలు. పూర్వపు బడులలో నాలుగింటి చొప్పున పాలు నేర్పిరని చెప్పితిని గదా, ఆ పద్ధతి యిదియే. 1957 ఏప్రిల్ ఒకటవ తేదీన నయా పైసలు వచ్చు వఱకు రూపాయికి పదాఱణాలు, పావలాకు నాలుగణాలు. ఆ నాణెములు పోయినను పావుకిలో, అరకిలో, ముప్పావు గంట యను మాటలు పోలేదు. అంగడికి పంపునపుడు "పావుకిలో కందిబేడలు" అని చెప్పి ఊరకుండక, "కిలోలో ఇట్టి పావులెన్ని? ఇంకెన్ని తెచ్చిన కిలో నిండును?" అని యడుగుడు. ఇట్టి ప్రశ్నలకు జవాబు చెప్పిన బిడ్డ, ఐదవ తరగతిలో గీత పైన ఒక అంకె, గీత క్రింద ఒక అంకె చూచినపుడు తన రొట్టెముక్కను గుర్తుపట్టును.

లెక్కను ఇంటి వస్తువులతో చెప్పుట తక్కువ పని యని యెవరైన తలచినచో పావులూరి మల్లనను స్మరింపవలెను. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును మల్లన తెలుగు చేసెను. అట్లు చేయునపుడు ఉన్నదున్నట్లు దింపక, లెక్కల యుదాహరణములను తనవారికి పరిచితములగు విషయములతో మార్చి కూర్చెను. చదువువాడు ఎఱిగిన వస్తువుతోనే లెక్క మొదలు కావలెనని ఆ పండితునకు తెలియును.

అయితే ఇంటి లెక్క వచ్చినంత మాత్రమున పలక లెక్క తనంతట రాదు. దీనిని జాగ్రత్తగా వినుడు. బ్రెజిల్ దేశమున రెసీఫె అను నగరము కలదు. అచట వీధులలో టెంకాయలు మొదలగునవి అమ్ము ఐదుగురు బిడ్డలను పరిశోధకులు పరీక్షించి, ఫలితములను 1985లో ప్రకటించిరి. బేరములో అడిగిన లెక్కలకు నూటికి 98 సరియైన జవాబులు వచ్చినవి. ఆ లెక్కలనే కాగితముమీద వట్టి అంకెలుగా ఇచ్చినపుడు నూటికి 37 మాత్రమే సరిపోయినవి. పండ్రెండేండ్ల బాలుని, టెంకాయ 35 అయిన పదింటికెంత యని అడిగినపుడు, వాడు మూడింటికి 105, ఇంకొక మూడింటికి 210 అని మూడేసిగా పేర్చుకొనుచు పోయి 350 అని చెప్పెను. 35 ప్రక్కన సున్న చేర్చిన చాలునను సంగతి వానికి స్ఫురింపలేదు. మన దేశముననే కలకత్తా, ఢిల్లీ నగరముల సంతలలో అమ్ము పదునాలుగు వందలకు పైగా బిడ్డలను అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో మొదలగు ఆర్థికశాస్త్రజ్ఞులు పరీక్షించి 2025లో ఫలితములను ప్రకటించిరి. సంతలో చిక్కు లెక్కలను నోటితో తేల్చు బిడ్డలు బడి లెక్కలలో తడబడిరి. బడి లెక్కలు వచ్చిన బిడ్డలు సంత లెక్కలలో తడబడిరి. అనగా నడుమ వంతెన కట్టువారు కావలెను.

ఆ వంతెన కట్టుట మీకు కష్టము కాదు. టమోటాలు కిలో 18 రూపాయలు, మూడు కిలోలకెంత యని మనుమరాలినడిగితి రనుకొనుడు. ఆమె "ఇరువదులు మూడు అఱువది, అందులో ఆఱు తగ్గింపవలె, ఏబది నాలుగు" అనును. "సెబాసు" అని ఊరకుండవలదు. పలక తెప్పించి ఆమె నోట వచ్చినదానినే వరుసగా వ్రాయింపుడు: 20, మూడుమాఱులు, 60, 60లో 6 పోగా 54. "నీవు నోట చెప్పినదే ఇక్కడ వ్రాసితివి" అని చూపుడు. పలకమీది అంకెలు పరాయివి కావు, తన మాటలే యని తెలిసిన నాడు బిడ్డకు పలకయన్న బెదరు పోవును. మీకు వ్రాయుట రాకున్నను దోసము లేదు. "నీవు వ్రాసి నాకు చదివి చెప్పుము" అనుడు. తాతకు తాను నేర్పుచున్నాననుకొను బిడ్డ రెట్టింపు శ్రద్ధతో నేర్చుకొనును.

ఇక తప్పు వచ్చినపుడు ఏమి చేయవలెను? ధైర్యము నిలుచుటయో పోవుటయో ఇక్కడనే తేలును. నలువది రెండులో పదునేడు తీసివేయుమనిన బిడ్డలు తఱచుగా 35 అని వ్రాయుదురు. "తప్పు" అని కొట్టివేయుట సులభము. "ఎట్లు చేసితివి? నాకు చెప్పు" అని యడిగి చూడుడు. "ఏడులో రెండు పోయిన ఐదు, నాలుగులో ఒకటి పోయిన మూడు" అని చెప్పును. చూచితిరా, వాడు ఊహించి వ్రాయలేదు. ఒక నియమము ననుసరించియే వ్రాసినాడు. పెద్ద అంకెలోనుండి చిన్న అంకెను తీయవలెనని విని, పైదేదో క్రిందిదేదో చూడక తీసినాడు. ఇపుడు పుల్లలు తీయుడు. నాలుగు కట్టలు, రెండు విడిపుల్లలు. "నాకు పదునేడు ఇమ్ము" అనుడు. ఒక కట్ట ఇచ్చును. ఇంకను ఏడు ఇయ్యవలెను, విడివి రెండే యున్నవి. ఏమి చేయునో కొంచెము సేపు ఓర్చి చూడుడు. తానే ఇంకొక కట్ట విప్పును. పండ్రెండులో ఏడు పోగా ఐదు, కట్టలు రెండు, మొత్తము ఇరువది యైదు. ఆ తరువాత ప్రక్క స్థానమునుండి పది తెచ్చుకొనుమని బడిలో పంతులు చెప్పినపుడు ఆ మాట వానికి అర్థమగును.

సరియైన జవాబు వచ్చినపుడు గూడ "ఎట్లు చేసితివి?" యనియే యడుగుడు. తప్పినపుడు మాత్రమే అడిగినచో ఆ ప్రశ్నయే బెత్తమగును.

ఎక్కముల మాట కొందఱడుగుదురు. కంఠస్థము చేయించుట మంచిదా కాదా? మంచిదే. అర్థము తెలిసిన పిదప వల్లించిన ఎక్కము జీవితాంతము తోడుండును. ఆఱేడులు నలువది రెండు అనుటకు ముందు, ఏడేసి గింజలు ఆఱు కుప్పలు పెట్టించి చూపుడు. అట్లు చూచిన బిడ్డ ఒకనాడు ఎక్కము మఱచినను దిక్కు తోచక నిలువడు. ఐదేడులు ముప్పదియైదు, ఇంకొక యేడు కలిపిన నలువది రెండు అని తానే కట్టుకొనును. వట్టి నోటితో నేర్చినవాడు మఱచిన చోటనే ఆగిపోవును. వినికిడి వలన వచ్చు బలమును గూడ తక్కువగా చూడరాదు. మన రాయలసీమలోనే కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గఱి కల్లూరున 1907లో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మగారు పుట్టంధులు. తోబుట్టువు బడి పాఠములు బిగ్గఱగా చదువగా విని లెక్కలు నేర్చి, పెద్దవారై వేలకొలది గణితావధానములు చేసిరి. అందఱును అంతవారు కాజాలరు. కాని పలక చూడలేని బాలునకు ఇంటిలోని యొక గొంతు ఎంత సాయము చేసెనో తలచుకొనుడు.

ఆడుబిడ్డల విషయమున ఒక్క మాట. 1823 నాటి నివేదికలో 6,641 మంది విద్యార్థులలో బాలికలు అఱువది మంది మాత్రమే. నేడు బాలికలు బడులు నిండి యున్నారు. అయినను "ఆడపిల్లకు లెక్కలెందుకు?" అను మాట ఇండ్లలో పూర్తిగా మానలేదు. బియ్యము కొలుచునది, చీటీ వేయునది, పొదుపు సంఘపు పుస్తకము వ్రాయునది ఎవరు? ఇంటి లెక్క స్త్రీలే చూచుచుండగా వారికి లెక్కలు రావనుట వింత. ఆ మాట వినిన బాలిక చేతనైన లెక్కను గూడ చేతకాదనుకొనును.

మానవలసినవి మూడు చెప్పెదను. మా వంశమునకే లెక్కలు రావనుట మానుడు. అన్నతోనో ప్రక్కింటి బిడ్డతోనో పోల్చి తక్కువచేయుట మానుడు. త్వరగా చెప్పుమని తొందరపెట్టుట మానుడు. వేగము అభ్యాసము వలన తానే వచ్చును, తొందర వలన రాదు. చేయవలసినది, దినమునకు పావుగంట బిడ్డతో కూర్చుండుట. ఐదాఱేండ్ల వానికి ఇరువది వస్తువులు, ఏడేండ్ల వానికి పది కట్టలతో నూఱు వఱకు, ఎనిమిది తొమ్మిదేండ్ల వానికి ఎక్కములు, పావులు, సంత లెక్కలు. వీనిలో ఏది రాకున్నను ఒక మెట్టు క్రిందికి దిగి, వచ్చినచోటనుండి మొదలుపెట్టుడు. క్రిందికి దిగుట అవమానము కాదు, పునాది చూచుకొనుట.

ఇన్ని చేసినను ఒకానొక బిడ్డ గింజల లెక్కలోనే చాలకాలము తడబడుచుండవచ్చును. అట్టివానికి చూపు, వినికిడి సరిగా నున్నవో లేవో వైద్యునికి చూపింపుడు. అవి బాగుండియు సంఖ్యలు మాత్రమే పట్టుబడని బిడ్డలు కొందఱుందురు. అది సోమరితనము కాదు. పంతులతో మాటలాడి, అట్టివారికి మెల్లగా, వస్తువులతో ఎక్కువ కాలము నేర్పించవలెను.

మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డకును చదువుట, లెక్కించుట రావలెనని కేంద్ర ప్రభుత్వము 2021 జూలైలో నిపుణ్ భారత్ అను కార్యక్రమమును ప్రారంభించి, 2026-27 నాటికి ఆ లక్ష్యము నెఱవేఱవలెనని నిశ్చయించినది. ఢిల్లీలో నిశ్చయించిన పని శింగనమలలో నెఱవేఱుటకు ఇంటి అరుగుమీద కూర్చుండువారు కావలెను. నెలకొకమాఱు బడికి పోయి, "మావానికెన్ని మార్కులు?" అని గాక "మావాడే లెక్క దగ్గఱ ఆగినాడు? ఇంట మేమేమి చేయించవలెను?" అని అడుగుడు. అట్లు అడుగు పెద్దలున్న ఊరిలో పంతులకును ఉత్సాహము కలుగును.

ఈ రాత్రి భోజనమైన పిదప మనుమని గాని మనుమరాలిని గాని దగ్గఱకు పిలిచి, గుప్పెడు చింతగింజలు చేత పోసి, ఎన్నియున్నవో మొదట ఊహించి చెప్పి, పిదప లెక్కించి చూడుమనుడు. ఊహ తప్పినచో ఇద్దఱును నవ్వుకొనుడు. మీరును ఒక ఊహ చెప్పుడు, మీదియు తప్పును. తాత ఊహయు తప్పునని చూచిన బిడ్డ, తప్పుటకు సిగ్గుపడనక్కఱలేదని ఆనాడే తెలిసికొనును.